ట్రక్కు ప్రమాదంలో ఇంట్లో మనిషి పోతే కేసు ఏ కౌంటీలో: టెక్సాస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు, అపార్ట్‌మెంట్ లీజు, కారు ఇన్సూరెన్సు, వీటి గురించి మీకు ఎవరో ఒకరు చెప్తారు, నేను చెప్పను. డాలస్ వైపు కొత్తగా దిగిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది ఒక్కటే, హైవే మీద ట్రక్కు గుద్ది మన మనిషి పోతే ఆ కేసు ఏ కోర్టులో నడవాలి అని. వినడానికే ఇష్టం ఉండదు, తెలుసు. కానీ మొన్నీమధ్య ఒక కుటుంబం పడ్డ పాట్లు దగ్గరుండి చూశాక చెప్పకుండా ఉండలేకపోతున్నా.

వాళ్ళ ఇల్లు డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. ఆ ఇంటాయన చనిపోయింది హ్యూస్టన్ వెళ్ళే దారిలో. గుద్దిన ట్రక్కు ఓక్లహోమా కంపెనీది. ఇంట్లోవాళ్ళేమో మనం ఉండేది ఇక్కడ కాబట్టి కేసు ఇక్కడే అనుకున్నారు, బావమరిది కంపెనీ ఎక్కడుంటే అక్కడ వెయ్యాలన్నాడు, ఆసుపత్రి దగ్గర ఎవడో కార్డిచ్చి పంపిన లాయరు ఇంకేదో ఊరి పేరు చెప్పాడు. తలో మాట, ఆ గందరగోళంలోనే నెలలు గడిచిపోయాయి.

మనవాళ్ళు అలా అనుకోవడానికి కారణం ఉంది. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన చోట వెయ్యొచ్చు, మనం కాపురం ఉండే ఊళ్ళో ట్రిబ్యునల్లో అయినా వెయ్యొచ్చు, అవతలివాడు ఉండే చోటైనా సరే. గుంటూరు వాడు నల్గొండ దగ్గర ప్రమాదంలో పోతే గుంటూరులోనే కేసు నడుపుకోవచ్చు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. టెక్సాస్‌లో మామూలు రూలు ప్రకారం చూసేవి ఇవి: సంఘటన మొత్తం గానీ అందులో ముఖ్యమైన భాగం గానీ జరిగిన కౌంటీ (మన జిల్లా లాంటిది), డ్రైవరు లాంటి మనిషి మీద అయితే అప్పటికి అతను నివాసం ఉన్న కౌంటీ, కంపెనీ మీద అయితే టెక్సాస్‌లో దాని ప్రధాన ఆఫీసు ఉన్న కౌంటీ. ఈ మూడిట్లో ఏదీ కుదరకపోతేనే మీరు ఉండే కౌంటీ. ప్రమాదం టెక్సాస్‌లోనే జరిగినప్పుడు మొదటిది ఎలాగూ కుదురుతుంది, కాబట్టి మీ ఇంటి అడ్రసు మీద ఆశ పెట్టుకోకండి.

ప్రధాన ఆఫీసు అంటే కూడా ఏదో ఒక గోడౌనో, ట్రక్కులు నిలిపే యార్డో సరిపోదు, కంపెనీ రోజువారీ నిర్ణయాలు తీసుకునేవాళ్ళు కూర్చునే ఆఫీసు అయ్యుండాలి. ఇద్దరు ముగ్గురి మీద కేసు వేసినప్పుడు మాత్రం ఒకరి విషయంలో కౌంటీ సరిగ్గా కుదిరితే అదే ప్రమాదానికి సంబంధించిన మిగతావాళ్ళకీ అది చెల్లుతుంది. అందుకే డ్రైవరు ఎక్కడివాడు, లారీ ఎవరిది, వెనక ట్రైలర్ ఎవరిది, సరుకు ఎవరు ఎక్కించారు అని ముందే తవ్వాలి. లారీ తలుపు మీద కంపెనీ పేరు కింద యూఎస్ డాట్ నంబరు రాసి ఉంటుంది, ఫొటో ఉంటే ఆ నంబరుతో కంపెనీ అడ్రసు ఫెడరల్ రవాణా శాఖ సైట్లో దొరుకుతుంది. ట్రైలర్ నంబరు ప్లేటు వేరే, దాని యజమాని కూడా వేరే ఉండొచ్చు, దాన్నీ ఫొటో తియ్యండి.

ఇక ప్రమాదం ఏ కౌంటీలో అన్నది. ఇది తెలుసులే అనుకుంటారు, తెలియదు. టెక్సాస్‌లో 254 కౌంటీలు. ఒక్క ఫ్రిస్కోనే కొంత కాలిన్‌లో కొంత డెంటన్‌లో ఉంటుంది, హ్యూస్టన్ పక్కనున్న కేటీ అయితే మూడు కౌంటీల్లో ఉంటుంది. డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఐ-45 హైవే మీద వెళ్తే డాలస్ కౌంటీ దాటాక ఎల్లిస్, నవారో, ఫ్రీస్టోన్, లియోన్, మాడిసన్, వాకర్, మాంట్‌గోమరీ, ఆ తర్వాత హ్యారిస్. ప్రమాదం మీద పోలీసులు రాసే సీఆర్-3 రిపోర్టు మొదటి పేజీలోనే కౌంటీ పేరుకి ఒక గడి, ఊరి పేరుకి ఒక గడి ఉంటాయి. మనవాళ్ళు ఊరి పేరు చదివి ఆగిపోతారు. కౌంటీ గడి చూడండి, అక్కడున్న పేరు మీరు ఎప్పుడూ వినకపోయినా సరే, కేసు అక్కడికే పోవచ్చు.

నేను ఇక్కడికొచ్చిన మొదటి సెమిస్టర్లోనే మా రూమ్మేట్ వాళ్ళ అన్నయ్య ఐ-45 మీద పోయాడు, ఫ్రీస్టోన్ కౌంటీలో. అప్పటికి నాకు బస్సెక్కడం కూడా సరిగ్గా రాదు, చలి, పరీక్షలు, చేతిలో డబ్బుల్లేవు. అందరం చందాలు పోగుచేసి బాడీని ఇంటికి పంపే పనిలో పడ్డాం, కాన్సులేట్ కాగితాలు, ఫ్యూనరల్ హోమ్, విమానం. దినవారాలు కూడా కాకముందే అవతలి ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిము తేల్చే అడ్జస్టర్ మా వాడికి ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడి, రికార్డు చేస్తూ ప్రశ్నలు అడిగాడు. ఆ ఇంట్లో కోర్టు అన్న మాట ఎత్తినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు మా రూమ్మేట్ మొహం నాకింకా గుర్తుంది, అందుకే ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ.

ఏ కౌంటీ అయితే ఏంటి, చట్టం ఒకటే కదా అంటారు. చట్టం ఒకటే, కానీ కేసు విని తీర్పు తేల్చే మామూలు జనం బృందం, అదే జ్యూరీ, ఒకటి కాదు. జ్యూరీలో కూర్చునేవాళ్ళని ఆ కౌంటీ జనంలోంచే పిలుస్తారు. వేలమంది ఉండే పల్లె కౌంటీకీ, లక్షలమంది ఉండే హ్యారిస్‌కీ మనుషులు వేరు, డబ్బు గురించి వాళ్ళ ఆలోచన వేరు. వెర్నర్ అనే పెద్ద ట్రక్కు కంపెనీ మీద ఒక కేసు ఉంది. ప్రమాదం 2014 డిసెంబరులో పశ్చిమాన ఒడెస్సా దగ్గర ఐ-20 మీద మంచులో జరిగింది, ఏడేళ్ళ పిల్లాడు చనిపోయాడు, విచారణ మాత్రం ఎక్కడో హ్యూస్టన్‌లో, హ్యారిస్ కౌంటీలో జరిగింది. 2018లో జ్యూరీ దాదాపు 90 మిలియన్ డాలర్లు ఇచ్చింది. అది చూసి హ్యారిస్‌లో వేస్తే చాలు అనుకునేరు, 2025 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ తీర్పు మొత్తం కొట్టేసింది. పిల్లాడు ఉన్న పికప్ బండి అదుపు తప్పి మధ్య గడ్డి దాటి లారీకి ఎదురెళ్ళడమే అసలు కారణం అంది. కాబట్టి కౌంటీ కలిసొచ్చినా కేసులో బలం ఉండాల్సిందే, ఎవరైనా ఫలానా కౌంటీలో వేస్తే డబ్బులు గ్యారంటీ అంటే నమ్మకండి.

కౌంటీ ఒక్కటే అయితే బాగుండేది, ఫెడరల్ కోర్టు, అంటే కేంద్రం కోర్టు, ఇంకోటి ఉంది. కేసు వేసినవాళ్ళూ అవతలివాళ్ళూ వేరువేరు రాష్ట్రాల పౌరులైనా, ఒకపక్క విదేశీ పౌరులైనా, 75,000 డాలర్ల కంటే ఎక్కువ కోరితే కంపెనీ ఆ కేసుని కౌంటీలో ఉన్న రాష్ట్ర కోర్టు నుంచి ఫెడరల్‌కి లాక్కుపోవచ్చు, నోటీసు అందిన 30 రోజుల్లోపు. ఇక్కడే మన వీసాలు అడ్డం వస్తాయి. హెచ్-1 ఉద్యోగ వీసా, దాని మీద ఆధారపడే కుటుంబ వీసా హెచ్-4 మీద ఉన్నవాళ్ళు, ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు విదేశీ పౌరుల కిందే లెక్క. కంపెనీ ఓక్లహోమాది, డ్రైవరు కూడా ఓక్లహోమావాడే అయితే ఫెడరల్‌కి పోవడం దాదాపు ఖాయం అనుకోండి. డ్రైవరు టెక్సాస్ పౌరుడై, అతని మీద కూడా నిజంగా కేసు వేసి నోటీసు అందిస్తే ఈ దారిలో లాక్కుపోవడం కుదరదు. కేసు ఫెడరల్‌కి పోతే ఏమవుతుంది అంటే, టెక్సాస్ జిల్లా కోర్టులో పన్నెండు మందిలో పదిమంది ఒప్పుకుంటే నష్టపరిహారం తీర్పు వస్తుంది, ఫెడరల్‌లో అందరూ ఒప్పుకోవాలి, జ్యూరీని కూడా చాలా కౌంటీల నుంచి కలిపి పిలుస్తారు. లాయరుని మొదటి రోజే అడగండి, ఏ కౌంటీ, ఎందుకు ఆ కౌంటీ, వాళ్ళు ఫెడరల్‌కి లాగితే మీరేం చేస్తారు అని. నీళ్ళు నమిలితే లేచి వచ్చెయ్యండి.

రాష్ట్రం దాటితే ఇంకా జాగ్రత్త. 2024 ఆగస్టు ఆఖర్లో డాలస్‌కి ఉత్తరాన అన్నా (Anna) అనే ఊరి దగ్గర యూఎస్ 75 మీద జరిగిన ప్రమాదం మనందరికీ గుర్తే, అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్తూ నలుగురు మనదేశం పిల్లలు పోయారు. అది కాలిన్ కౌంటీ. అదే దారిలో గంటలోపే ఓక్లహోమా వచ్చేస్తుంది, అక్కడ ఇలాంటి కేసు మామూలుగా చనిపోయినవాళ్ళ ఎస్టేట్ ప్రతినిధి, అంటే వాళ్ళ ఆస్తి వ్యవహారాలు చూసే మనిషి, పేరు మీద వెయ్యాలి. టెక్సాస్‌లో భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నేరుగా వెయ్యొచ్చు, అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ మాత్రం ఆ హక్కు లేదు, ఎంత దగ్గరుండి చూసుకున్నా సరే. కేసు వెయ్యడానికి గడువు టెక్సాస్‌లో రెండేళ్ళు, టెనెసీలో ఒక్క ఏడాదే. ఏడాది అంటే సంవత్సరీకం లోపు అన్నమాట.

లారీ కంపెనీ డ్రైవరు డ్యూటీ గంటల రికార్డు ఆరు నెలలే దాచాలి, ఆ తర్వాత చెరిపేసినా చట్టం ఏమనదు. కేసు ఏ కోర్టుకి పోయినా రికార్డు లేకపోతే ఏం చేస్తారు? ఏదీ చెరపొద్దని లాయరు చేత ముందే ఉత్తరం రాయించండి. ఆసుపత్రిలోనో గుడి దగ్గరో తగులుకుని, ఫోన్లు చేసి, మా లాయరు దగ్గరికి రండి అనేవాళ్ళకి దూరంగా ఉండండి. అలా వెంటపడి కేసులు పట్టడం టెక్సాస్‌లో నేరం, ఆ ఒప్పందం రద్దు చేయించుకోవచ్చు కూడా.

సరే, ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. టెక్సాస్‌లో తప్పు కౌంటీలో వేస్తే కేసు కొట్టెయ్యరు, సరైన కౌంటీకి పంపిస్తారు. సరైన కౌంటీలు రెండుంటే ముందు ఎంచుకునే హక్కు మీదే. అయితే సాక్షుల సౌకర్యం చూసి జడ్జి మార్చాలంటే మార్చొచ్చు, ఆ ఆర్డరు మీద అప్పీలు ఉండదు. అవతలివాళ్ళు కౌంటీ మీద అభ్యంతరం మొట్టమొదటే పెట్టాలి, వేరే జవాబు దాఖలు చేశాక గుర్తొచ్చిందంటే కుదరదు. లాయర్లు ముందు డబ్బు అడగరు, వచ్చినదాంట్లో మూడో వంతో నలభై శాతమో తీసుకుంటారు. అమ్మానాన్నలకి ఇక్కడి పౌరసత్వం గానీ వీసా గానీ అక్కర్లేదు, వాంగ్మూలం వీడియోలో ఇవ్వొచ్చు. చనిపోయినాయన హెచ్-1 మీద ఉంటే హెచ్-4 మీద ఉన్న ఆయన భార్య స్టేటస్ ఆయనతోనే పోతుంది, ఇండియా వెళ్ళాల్సి రావొచ్చు, కానీ వెళ్ళినంత మాత్రాన కేసు పోదు. వెళ్ళేముందు పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, సీఆర్-3 కాపీ లాయరు దగ్గర ఒకటి, నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి పెట్టి వెళ్తే చాలు.