నీళ్లలోకి దిగే ర్యాంప్ దగ్గర సెయిల్‌బోట్‌ని (తెరచాప పడవని) ట్రైలర్ ఎక్కించడం

కాటలీనా 22 లాంటి స్వింగ్ కీల్ (అడుగున పైకీ కిందికీ తిప్పగలిగే బరువైన రెక్క) ఉన్న బోటైతే ముందు కీల్ పూర్తిగా పైకి తిప్పేయండి, చుక్కాని కూడా ఎత్తేయండి. కీల్ దిగి ఉంటే దాదాపు 5 అడుగుల నీళ్లు కావాలి, ఎత్తితే 2 అడుగులు చాలు. ట్రైలర్ లైట్ల ప్లగ్ పీకేయండి. మోటార్ బోటుకన్నా దీనికి ట్రైలర్ లోతుగా దిగాలి, కానీ మరీ ముంచేస్తే బోటు అటూ ఇటూ తేలుతూ ఎక్కడ కూర్చుంటుందో తెలీదు, నేనైతే రెండుసార్లు వంకరగా లాక్కొచ్చి మళ్లీ నీళ్లలోకి దించాల్సొచ్చింది (వెనక క్యూలో ఉన్నవాళ్ల చూపులు వేరే సంగతి). గాలి ఉంటే ముందొకరు, వెనకొకరు తాడు పట్టుకోండి. వించ్ (ట్రైలర్ ముందుండే, తిప్పితే పట్టీని చుట్టుకునే చక్రం) పట్టీ బోటు ముక్కు దగ్గరి కొక్కేనికి తగిలించి, ముక్కు ట్రైలర్ ముందున్న స్టాప్‌కి ఆనేదాకా చుట్టండి. ఆ పట్టీకి ఎదురుగా మాత్రం నిలబడొద్దు. కొంచెం బయటికి లాగి, ఆగి, మధ్యలో కూర్చుందో లేదో చూడండి. పైన కరెంటు తీగలుంటే మాస్ట్ (తెరచాప స్తంభం) దించకుండా కారు కదపొద్దు.