పెడల్ స్టీల్‌కి యాంప్ రివర్బ్ ఎంత పెట్టాలి?

పెడల్ స్టీల్ అంటే ఉక్కు బార్‌ని తీగల మీద జారుస్తూ, పెడళ్లతో తీగల శృతి మారుస్తూ వాయించే గిటార్. రివర్బ్ అంటే దాని స్వరానికి యాంప్ జోడించే ప్రతిధ్వని. నాబ్ మీది అంకె చూసి రివర్బ్ పెట్టుకుంటే పెడల్ స్టీల్ విషయంలో పని జరగదు. తీగ మీటి ఆపాక మిగిలే తోక, తర్వాత వచ్చే స్వరం మీద ఎంతసేపు పడుతోందో వినాలి. ఆ తోకే కొలత. మామూలు గిటార్‌లో స్వరం మీటగానే తగ్గడం మొదలవుతుంది, ఫ్రెట్ మారితే శృతి ఒక్కసారిగా మారుతుంది. స్టీల్‌లో అలా కాదు. బార్ జారుతూ దారిలోని శృతులన్నిటినీ తాకుతుంది, వాల్యూమ్ పెడల్ స్వరాన్ని తగ్గకుండా నిలబెడుతుంది. రివర్బ్ వీటన్నిటినీ పోగుచేసి మళ్లీ వినిపిస్తుంది. అందుకే సాధారణ గిటారిస్టుకి హాయిగా ఉన్న సెట్టింగు స్టీల్ వాయించేవారికి బురదలా తగులుతుంది.

మొదట రివర్బ్‌ని పూర్తిగా సున్నాకి తెచ్చి ట్రెబుల్, మిడ్, బేస్ సరిచేసుకోండి. పై ఫ్రెట్లలో స్వరం గుచ్చుతోందని రివర్బ్ పెంచేవాళ్లు చాలామంది. గుచ్చుదల ట్రెబుల్‌తో తగ్గాలి, లేదా మీటే చేతిని బ్రిడ్జ్ నుంచి కాస్త దూరం జరపడంతో తగ్గాలి. బేస్ ఎక్కువున్నప్పుడు రివర్బ్ జోడిస్తే కింది తీగల మోత బేస్ గిటార్‌ని మింగేస్తుంది, కాబట్టి అది కూడా ముందే సర్దుకోవాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. పెడల్ స్టీల్‌కి మామూలుగా వాడే ఈ9 ట్యూనింగ్‌లో బార్‌ని 3వ ఫ్రెట్ మీద పెట్టి 4, 5, 6 తీగలు మీటండి. జి మేజర్ వస్తుంది. తీగలు మోగుతుండగానే శృతి పెంచే ఎ, బి పెడళ్లు రెండూ నొక్కితే అది సి మేజర్ అవుతుంది. జి ని షడ్జం అనుకుంటే, 6వ తీగ అంతర గాంధారం నుంచి శుద్ధ మధ్యమానికి, 5వ తీగ పంచమం నుంచి చతుశ్రుతి ధైవతానికి వెళ్లాయి. వినాల్సింది 6వ తీగనే. గాంధారానికీ మధ్యమానికీ అర స్వరమే తేడా. రివర్బ్ ఎక్కువైతే పాత గాంధారం కొత్త మధ్యమం కింద రాసుకుంటూ ఉండిపోతుంది, తీగ శృతి తప్పిందేమో అన్న అనుమానం వస్తుంది. వాయించబోయే పాట వేగంలోనే ఈ రెండు కార్డ్‌లనూ అటూ ఇటూ మారుస్తూ, నాబ్‌ని సున్నా నుంచి నెమ్మదిగా పెంచండి. ఆ రాపిడి వినబడిన చోట ఆగి, అక్కడి నుంచి అర అంకె వెనక్కి రండి. ఆ పాటకి అదే పై హద్దు.

ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి యాంప్‌లో ఈ హద్దు ఎక్కువగా 2కీ 4కీ మధ్య పడుతుంది. వేగంగా నడిచే పాటలకి 2, నింపాదిగా సాగే పాటలకి 3.5 దాకా. 5 దాటితే యాంప్ లోపల రివర్బ్ పుట్టించే స్ప్రింగుల చప్పుడే ముందుకొస్తుంది. అయితే ఒక యాంప్‌లోని 3 మరో యాంప్‌లోని 3కి సమానం కాదు. పైగా స్టీల్ పికప్‌లు బలమైనవి, 17 కిలో ఓమ్స్ దగ్గర చుట్టినవి మామూలే. ఆ సిగ్నల్ స్ప్రింగులుండే పెట్టెని, అంటే ట్యాంక్‌ని, గట్టిగా కొడుతుంది, ప్రతి మీటుకీ చిట్‌మన్న చప్పుడు వస్తుంది. అప్పుడు నాబ్ తగ్గించే ముందు గిటార్‌ని 2వ ఇన్‌పుట్‌లోకి మార్చి చూడండి. అక్కడ సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. పాత ట్విన్‌లలోనూ వాటి రీఇష్యూల్లోనూ రివర్బ్ వైబ్రాటో ఛానెల్‌కే ఉంటుంది, నార్మల్ ఛానెల్‌లోకి పెడితే నాబ్ ఎంత తిప్పినా ఏమీ రాదు.

వాల్యూమ్ పెడల్ సంగతి

రివర్బ్ మోతాదులో సగం కుడికాలిలో ఉంటుంది. చాలామంది పట్టించుకోని చోటు ఇదే, కానీ తేడా ఇక్కడే పెద్దది. వాల్యూమ్ పెడల్ యాంప్‌కి ముందు ఉంటే స్ప్రింగులకి వెళ్లే సిగ్నల్ కాలి కిందే ఉన్నట్టు. పెడల్ వెనక్కి తీసుకుని మీటి, ఆ తర్వాత పైకి తెస్తే మీటు చప్పుడు స్ప్రింగులని తాకదు, నిలకడైన స్వరం మాత్రమే తాకుతుంది. అలా వాయించేచోట అదే నాబ్ మీద రివర్బ్ మెత్తగా, వెనక పరుచుకున్నట్టు ఉంటుంది. పెడల్ తెరిచి ఉంచి మీటితే అదే రివర్బ్ గరుకుగా వినిపిస్తుంది. అందుకే పై పరీక్షని రెండు రకాలుగానూ చేయండి. గరుకుగా ఉన్న రకానికి సరిపోయేలా నాబ్ పెట్టుకుంటే, మెత్తగా వాయించే భాగం తన పని తాను చూసుకుంటుంది.

విడిగా రివర్బ్ పెడల్ వాడుతుంటే దాన్ని వాల్యూమ్ పెడల్ తర్వాతే పెట్టాలి. వరస తలకిందులైతే రెండు నష్టాలు. కాలు వెనక్కి తీయగానే తోక కత్తిరించినట్టు ఆగిపోతుంది. స్వరం తగ్గుతోందని కాలు ముందుకు తోస్తే స్వరంతో పాటు పాత తోకా ఉబ్బుతుంది. సరైన వరసలో కాలు వెనక్కి తీశాక తోక దానంతటది చల్లారుతుంది, గాయకుడి రెండు చరణాల మధ్య ఖాళీని అదే నింపుతుంది.

డిజిటల్ రివర్బ్‌లో డికే సమయం, అంటే తోక పూర్తిగా చల్లారడానికి పట్టే సమయం, సెకన్లలో ఇవ్వొచ్చు. 60ని పాట బీపీఎంతో (నిమిషానికి బీట్‌ల సంఖ్యతో) భాగిస్తే ఒక బీట్ నిడివి వస్తుంది: 120 బీపీఎంకి 0.5 సెకను, 70కి 0.86 సెకను. కార్డ్ రెండు బీట్‌లకోసారి మారే పాటలో తోక ఆ రెండు బీట్‌లలోపు వినబడకుండా పోవాలి. డికే సమయం పూర్తికాకముందే తోక చెవికి వినబడకుండా పోతుంది కాబట్టి, వేగపు పాటకి 1 నుంచి 1.5 సెకన్లు, నెమ్మది పాటకి 2 నుంచి 3 సెకన్లు పెట్టి మొదలుపెట్టండి. ప్రీ డిలే, అంటే మీటుకీ తోక మొదలుకీ మధ్య ఖాళీ, 20 నుంచి 40 మిల్లీసెకన్లు ఇస్తే మీటు విడిగా, తోక విడిగా వినిపిస్తాయి, తక్కువ మోతాదుతోనే లోతు వస్తుంది. స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే డిలే కూడా వాడితే 300 నుంచి 400 మిల్లీసెకన్లు, ఒకటీ రెండు రిపీట్‌లు చాలు. కానీ ఆ మేరకు రివర్బ్ తగ్గించాలి. రెండూ నిండుగా ఉంటే బ్యాండ్‌లో స్టీల్ ఎక్కడుందో తెలియదు.

ఒంటరిగా గదిలో సరిపోయింది బ్యాండ్‌లో చాలదనిపిస్తుంది, డ్రమ్స్, సింబల్స్ తోకని కప్పేస్తాయి. అయినా వెంటనే పెంచకండి. రివర్బ్ పెరిగే కొద్దీ స్టీల్ వెనక్కి జరుగుతుంది. గాయకుడి వెనక కార్డ్‌లు పరిచేటప్పుడు వెనక్కి జరగడం మంచిదే, సోలోలో కాదు. సోలోకి అర అంకె తగ్గించడం అలవాటు చేసుకోండి. స్టేజి మీద మీ వినికిడిని కూడా పూర్తిగా నమ్మలేం. కూర్చుని వాయిస్తాం, యాంప్ నేల మీద ఉంటే దాని ట్రెబుల్ మోకాళ్ల దగ్గరే పోతుంది, చెవికి చేరేది మొద్దుబారిన ధ్వని. యాంప్‌ని వెనక్కి వాల్చి చెవివైపు తిప్పాకే సెట్టింగు నిర్ణయించండి. ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేస్తే హాలే రివర్బ్ ఇస్తుంది. జనం నిండాక వాళ్ల బట్టలు, ఒళ్లు దాన్ని పీల్చుకుంటాయి, అప్పుడు కొద్దిగా పెంచుకోవచ్చు. సౌండ్ ఇంజినీర్ మీ మైక్‌కి కూడా రివర్బ్ కలుపుతున్నాడేమో ముందే అడగండి.

రికార్డుల్లో విన్న లోతుని యాంప్ నాబ్‌తో పట్టాలని చూడటం వృథా. నాష్‌విల్ స్టూడియోల్లో ఆ లోతు ఎకో ఛాంబర్ల నుంచీ, 1957లో వచ్చిన ఈఎంటీ 140 లాంటి ప్లేట్ రివర్బ్‌ల నుంచీ మిక్సింగ్‌లో చేరింది. రికార్డింగ్‌కి వెళ్తే పొడిగా, లేదా నాబ్ 1 మీద ఇవ్వండి. టేక్‌లో కలిసిపోయిన స్ప్రింగ్ చప్పుడుని తర్వాత తీయలేరు.

ఇంట్లో సాధన మాత్రం రివర్బ్ లేకుండానే చేయాలని గట్టిగా చెబుతాం. బార్ ఫ్రెట్ గీతకి ఒక వెంట్రుకవాసి కింద ఆగినా రివర్బ్ దాన్ని కప్పేస్తుంది. బ్లాకింగ్, అంటే మోగుతున్న తీగని చేత్తో ఆపడం, సరిగ్గా పడకపోయినా అంతే. ఈ రెండూ పొడి ధ్వనిలోనే దొరుకుతాయి.

రివర్బ్ అసలే రాకపోతే నాబ్ పెంచి యాంప్‌ని మెల్లగా కదిపి చూడండి. ఘల్లుమని మోగితే ట్యాంక్ నుంచి తిరిగి వచ్చే దారి బాగున్నట్టే, లోపం ట్యాంక్‌కి వెళ్లే దారిలో ఉంది: ట్యాంక్‌కి సిగ్నల్ పంపే 12ఏటీ7 ట్యూబ్ పోయి ఉండొచ్చు, లేదా ట్యాంక్ ఇన్‌పుట్ కేబుల్ తెగి ఉండొచ్చు. మోగకపోతే ట్యాంక్ అవుట్‌పుట్ కేబుల్, రివర్బ్‌ని కాలితో ఆపే ఫుట్‌స్విచ్ చూడాలి. ఫుట్‌స్విచ్ ప్లగ్ పీకేసి పరీక్షించండి, ట్విన్‌లో అది లేకపోయినా రివర్బ్ పనిచేస్తుంది. రెండు కేబుళ్లు తారుమారైనా ఇదే తంతు. వాటిని మార్చేముందు పవర్ ప్లగ్ తీయండి. ట్యాంక్ సంచి క్యాబినెట్ అడుగున ఉంటుంది కాబట్టి ఛాసిస్ తెరవనక్కర్లేదు, తెరవకండి కూడా. ట్విన్‌లో 400 వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలుస్తుంది.

గట్టి వాల్యూమ్‌లో కింది తీగలకి ఊళ పుడితే స్పీకర్ కదలిక స్ప్రింగులకి చేరుతోందన్నమాట. ట్యాంక్ సంచిని స్క్రూలతో మరీ బిగించకుండా వదులుగా ఉంచి, కింద పలచటి ఫోమ్ వేయండి. చెక్క స్టేజి మీద పెడళ్లు తొక్కినప్పుడల్లా గుమ్మని మోగితే ఆ ఫోమ్ యాంప్ కింద కూడా పడాలి.