అల్ట్రా రన్‌లో కాటా ఏం చెబుతుంది?

అల్ట్రా రన్‌లో, అంటే మారథాన్‌ను మించిన పరుగులో, వంద కిలోమీటర్లు పరుగెత్తి కాటా ఎక్కితే రెండు కిలోలు తగ్గి కనిపించొచ్చు. అదంతా కొవ్వు కాదు, అలాగని ఒళ్లు ఎండిపోయినట్టూ కాదు. లెక్క వేసి చూడండి.

పరుగులో ఒక్కో కిలో ఒంటి బరువుకు కిలోమీటరుకు దాదాపు 1 కిలోకేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి 100 కి.మీ.కి 6,000. దారిలో 2,500 తిన్నా లోటు 3,500. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న పిండిపదార్థం (గ్లైకోజెన్) 400 గ్రాములు కరిగితే 1,600 పూడుతుంది. మిగతా 1,900కి కరిగే కొవ్వు దాదాపు 210 గ్రాములే. అసలు బరువు గ్లైకోజెన్‌ను అంటుకుని ఉన్న నీటిది: గ్రాముకు సుమారు 3 గ్రాములు. ఆ నీరు ఒంట్లోనే విడుదలవుతుంది కాబట్టి దాన్ని బయటి నుంచి పూడ్చాల్సిన పని లేదు. అందుకే 2-3 శాతం తగ్గడం మామూలే. భయపడాల్సింది బరువు తగ్గనప్పుడు, ఇంకా పెరిగినప్పుడు.

చెమట వేగం ముందే కొలుచుకోండి. మూత్రవిసర్జన చేసి, బట్టల్లేకుండా తూగి, రేసు వేగంతో గంట పరుగెత్తి, చెమట తుడుచుకుని మళ్లీ తూగండి. 60.0 కాస్తా 59.4 అయి, మధ్యలో 400 మి.లీ. తాగి ఉంటే చెమట గంటకు లీటరు. ఇది పైహద్దు మాత్రమే, తాగి తీరాల్సిన కోటా కాదు. రేసులో దాహాన్ని బట్టే తాగండి. దారిలో తూగితే అదే కాటా, అవే బట్టలు. తడిసిన బూట్లు లెక్క తప్పిస్తాయి.

బరువు పెరిగేంతగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం 135 మి.మోల్/లీ. కంటే కిందికి పడిపోవచ్చు. ఉప్పు మాత్రలు వేసుకున్నా ఆగదు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలు నీటిని బయటికి పంపడాన్ని తగ్గిస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఉంగరం బిగుసుకోవడం, వాచీ పట్టీ అచ్చు దిగడం తొలి గుర్తులు. తలనొప్పి, వాంతులు వచ్చినా, మాట తడబడినా నీళ్లివ్వకండి, వైద్య బృందాన్ని పిలవండి. ఇక్కడ మామూలు సెలైన్ ఎక్కించడం మేలుకన్నా కీడే చేయొచ్చు. వైద్యులు 3 శాతం గాఢత ఉన్న ఉప్పు ద్రావణాన్ని, 100 మి.లీ. చొప్పున ఇస్తారు.

రేసు తర్వాత రెండు మూడు రోజులు పాదాలు ఉబ్బి, బరువు మొదటికన్నా పెరగొచ్చు. దెబ్బతిన్న కండరాల వాపు, ఉప్పును, నీటిని ఒంట్లో పట్టి ఉంచే హార్మోన్లు ఇందుకు కారణం. ఆ రోజుల్లో కొవ్వు శాతం చూపే కాటాను నమ్మకండి, వారం ఆగి తూగండి. మూత్రం మాత్రం నల్లటి టీ రంగులో వస్తే ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.