దినార్ రేటు చూసి రూపాయిని తిట్టేముందు ఇవి చూసుకోండి

కడప, రాయచోటి పక్క కువైట్‌కి పోయినోళ్ళు లేని వీధి ఉండదు, దినార్ ఎంతుందో చిన్నపిల్లోల్ని అడిగినా చెప్తారు. రూపాయికి అసలు విలువ ఎట్లా వస్తాదంటే మాత్రం చానామంది ఇంకా "బంగారం పెట్టి నోట్లు కొడతారంట కదా" అంటారు. అది పాత లెక్క. చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంక్ కనీసం 200 కోట్ల నిల్వ, అందులో 115 కోట్లకి బంగారం ఉంచితే చాలు (నిజానికి అంతకంటే చానా ఎక్కువే పెట్టుకుంటాది), బయట తిరిగే నోట్లేమో లక్షల కోట్లు.

ముందు జేబులోంచి వంద నోటు తీసి చూడండి. వంద రూపాయలు ఇస్తానని రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ మాట ఇచ్చి సంతకం పెట్టింటాడు. పోయి అడిగితే ఇంకో వందే ఇస్తారు, బంగారం కాదు. ఒక్క రూపాయి నోటు మీద ఆ మాట కూడా ఉండదు, అది కేంద్ర ప్రభుత్వం నోటు, సంతకం ఆర్థిక కార్యదర్శిది, అయినా చెల్లుతాది. ఎందుకంటే పన్నులైనా రిజిస్ట్రేషన్ ఫీజులైనా గవర్నమెంటు రూపాయల్లోనే కట్టించుకుంటాది, కాబట్టి అందరికీ రూపాయి కావాల. ఆపైన నోట్లు, అప్పులు సరుకుల్ని మించి పెరగకుండా ఉండాల, అది తప్పినందుకే జింబాబ్వే 2009లో వంద ట్రిలియన్ల (ట్రిలియన్ అంటే లక్ష కోట్లు) నోటు కొట్టింది.

రూపాయి ఎంత అరిగిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పోయినేడాది ఇదే నెల కిరాణా బిల్లు తీసి అవే సరుకులు, అంతే తూకం, ఇప్పుడెంతో రాసుకోండి, బియ్యం, కందిపప్పు, పామాయిల్, గ్యాస్ అన్నీ. 1000 బిల్లు 1060 అయ్యిందంటే ధరలు 6 శాతం పెరిగినట్టు, ఏడాదికి ధరలు ఇంతే పెరగాలని రిజర్వ్ బ్యాంక్‌కి ఉండే టార్గెట్ 4 శాతం, దానికి అటూ ఇటూ 2 దాకా సరే. టమోటా ఒక్కటే చూసి ఏడ్వద్దు, మదనపల్లి మార్కెట్లో వాన పడినా రేటు ఎగురుతాది, అందులో రూపాయి తప్పేం లేదు.

ఇంక దినార్. ఒక దినార్‌కి మూడు డాలర్ల పైనే వస్తాయి, అట్లని కువైట్ అమెరికా కంటే పెద్దదా? జపాన్‌లో డాలర్‌కి వందకు పైగా యెన్‌లు వస్తాయి, వాళ్ళేం బీదోళ్ళు కాదు. అంకె ఎంతని కాదు, ఏండ్ల మీద ఎటు పోతాందో చూడాల. 1961 దాకా కువైట్‌లో నడిచింది మన రిజర్వ్ బ్యాంక్ అచ్చేసిన గల్ఫ్ రూపాయే అంటే నమ్ముతారా! అప్పట్లో దినార్ మొదలైనప్పుడు 13 రూపాయల 33 పైసలు, ఇప్పుడు 250 పైనే. మధ్యలో 1966లో, 1991లో మనోళ్ళే రూపాయి విలువ తగ్గించారు, మిగిలిన అరుగుడు ఎక్కువగా ఇక్కడ ధరలు అక్కడికంటే వేగంగా పెరగడం వల్ల, బయట్నుంచి తెచ్చుకునే క్రూడాయిల్, బంగారానికి డాలర్లు కట్టాల్సి రావడం వల్ల.

డబ్బులు పంపించేటప్పుడు నెట్‌లో చూపించే రేటు ఒకటి, ఎక్స్ఛేంజ్ వాళ్ళు ఇచ్చే రేటు ఒకటి, ఆ తేడాకి ఫీజు కూడా కలిపి చూడండి, ఫీజు లేదన్నోళ్ళు రేటులో లాగేస్తారు. రేటు ఇంకా పెరుగుతాదని జీతం అక్కడే ఆపుకోని, ఇక్కడ ఇంటోళ్ళతో నూటికి రెండ్రూపాయల వడ్డీకి అప్పు తెప్పించే మహానుభావులు కూడా ఉండారు. అది ఏడాదికి 24 శాతం వడ్డీ పడినట్టు, మామూలు ఏడాదిలో దినార్ అందులో సగం కూడా పెరగదు.