బయటి దేశపు మిలిటరీ జైల్లో మనిషి ఉండిపోతే ఏ హక్కు అడగాలి, ఎలా అడగాలి

మనవాడిని పట్టుకెళ్ళారని తెలియగానే అందరూ కోర్టు కోర్టు అని పరిగెడతారు గానీ, ముందు మూడు సంగతులు తేల్చుకోండి: పట్టుకున్నది ఏ సైన్యం, ఉంచింది ఎక్కడ, ఏ హోదాలో ఉంచారు.

హోదాతోనే మొదలెడదాం. యుద్ధఖైదీ అయితే 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం వర్తిస్తుంది. పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు తప్ప ఇంకేం చెప్పక్కర్లేదు, చెప్పలేదని బెదిరించకూడదు, కొట్టకూడదు. యుద్ధఖైదీయా కాదా అని అనుమానం వస్తే ట్రిబ్యునల్ తేల్చేదాకా యుద్ధఖైదీగానే చూడాలి, ఇది అయిదో ఆర్టికల్, దీన్ని గట్టిగా పట్టుకోండి. మామూలు పౌరుడైతే నాలుగో జెనీవా ఒప్పందం. ఈ రెండిట్లోనూ పట్టరు అని ప్రభుత్వం అంటే? అప్పుడు కూడా ఉమ్మడి ఆర్టికల్ 3 ఉంటుంది, అంటే జెనీవా ఒప్పందాలన్నిట్లోనూ ఒకేలా ఉన్న కనీస రక్షణల నియమం, క్యూబా నేల మీద అమెరికా నడిపే గ్వాంటనామో మిలిటరీ జైలు ఖైదీల విషయంలో 2006లో హమ్దాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది అదే.

కుటుంబం చెయ్యాల్సిన మొదటి పని రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీకి ఆచూకీ కోసం అప్లై చెయ్యడం. యుద్ధఖైదీ శిబిరానికి చేరిన వారంలోపు ఇంటికి కార్డు రాయనివ్వాలి, రెడ్‌క్రాస్ ప్రతినిధులు ఖైదీతో సాక్షులు లేకుండా మాట్లాడొచ్చు. కాకపోతే రెడ్‌క్రాస్ వాళ్ళు చూసినవి బయట చెప్పరు, అందుకే వాళ్ళని లోపలికి రానిస్తారు, కాబట్టి వాళ్ళని కేసుకి సాక్ష్యం అడిగి లాభం లేదు.

ఇక కోర్టు. హేబియస్ కార్పస్ పిటిషన్, అంటే మనిషిని ఏ చట్టం కింద పట్టి ఉంచారో కోర్టుకి చెప్పమని అడిగేది, ఖైదీ సంతకం లేకుండా తండ్రో అన్నో అతని తరఫున వెయ్యొచ్చు, గ్వాంటనామో మొదటి కేసులు అలానే పడ్డాయి. ఎక్కడ అన్న ప్రశ్న కొంప ముంచేది ఇక్కడే. 1950లో జర్మనీలోని లాండ్స్‌బర్గ్ జైల్లో ఉన్న జర్మన్లకి అమెరికా కోర్టు తలుపు మూసింది. 2008లో బూమెడియెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు గ్వాంటనామో వాళ్ళకి 5-4 జడ్జీల మెజారిటీతో తెరిచింది, నేల క్యూబాదే అయినా పెత్తనమంతా అమెరికాదే కదా అని. అదే అమెరికా నడిపిన బాగ్రామ్ జైలుకి మాత్రం 2010లో అప్పీల్ కోర్టు కుదరదంది, అది యుద్ధం నడుస్తున్న అఫ్గానిస్థాన్‌లో ఉందని. అంటే జైలు మీద పూర్తి కంట్రోల్ ఎవరిదో చూపించే కాగితాలు, లీజు ఒప్పందాలు లాంటివి, లాయర్ చేతికి ముందే అందాలి. బ్రిటన్ సైన్యం పట్టుకుంటే ఇంకో దారి ఉంది, ఇరాక్‌లో బస్రాలో బ్రిటన్ సైన్యం ఉంచిన అల్ జెడ్డా అనే ఖైదీ కేసులో 2011లో యూరప్ మానవహక్కుల కోర్టు బ్రిటన్‌దే తప్పంది. ఐక్యరాజ్యసమితి అక్రమ నిర్బంధాల వర్కింగ్ గ్రూప్‌కి కూడా రాయండి, దేశంలో కోర్టులన్నీ అయ్యాకే రావాలని వాళ్ళు అడగరు.

ఒకటి ముందే చెప్తున్నా, గెలిస్తే మర్నాడే ఇంటికొస్తాడని అనుకోకండి. గ్వాంటనామోలో ఉన్న 17 మంది ఉయ్‌ఘూర్లని (చైనాలోని ఒక ముస్లిం మైనారిటీ జాతి వాళ్ళు) వదిలెయ్యమని 2008 అక్టోబర్‌లో జడ్జి ఆర్డర్ వేస్తే పైకోర్టు దాన్ని కొట్టేసింది, చైనాకి పంపితే హింసిస్తారని భయం, అమెరికా రానివ్వదు, చివరి ముగ్గురు స్లొవేకియాకి వెళ్ళేసరికి 2013 డిసెంబర్ అయింది. కేసు నడుస్తుండగానే తీసుకోడానికి ఒప్పుకునే దేశం కోసం పక్కనే వెతుకుతూ ఉండండి.