చైనీస్ ఎల్మ్ బోన్సాయ్‌కి సన్న రెమ్మలు, చిన్న ఆకులు రావాలంటే ఎలా?

నర్సరీ నుంచి తెచ్చిన చైనీస్ ఎల్మ్ ఏడాది తిరిగేసరికి బంతిలా గుబురుగా అయిపోయి, ఆకులు పక్కకి తీసి చూస్తే లోపలంతా బోడి కొమ్మలే ఉన్నాయా? తప్పు చెట్టుది కాదు, కత్తెరది. తలకి క్రాఫ్ చేసినట్టు పైపైన కత్తిరిస్తూ పోతే లోపలికి వెలుగు పోదు, అక్కడి రెమ్మలు ఎండిపోతాయి. నేనూ రెండేళ్ళు ఇదే చేశా.

ముందు చెట్టు బలంగా ఉందో లేదో చూడండి. చిగుళ్ళు వేయనిదాన్ని, మొన్నమొన్నే కుండీ మార్చినదాన్ని ముట్టుకోవద్దు. బాగుంటే నిటారుగా పైకి లేచినవి, కిందికి వేలాడేవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేయండి. ఒకే చోట నుంచి మూడు నాలుగు రెమ్మలు వస్తే రెండే ఉంచాలి, లేకపోతే అక్కడ కణితిలా ఉబ్బిపోతుంది, ఇక అది పోదు.

ఇప్పుడు అసలు పని. కొత్త రెమ్మని కనపడగానే గిల్లేయకండి, ఆరేడు ఆకులు వచ్చేదాకా వదిలేసి అప్పుడు రెండు మూడు ఆకులు ఉంచి కట్ చేయండి. ఎల్మ్‌కి ఆకులు అటొకటి ఇటొకటి వస్తాయి కదా, ప్రతి ఆకు మొదట్లో ఒక మొగ్గ ఉంటుంది, చివర మిగిల్చిన ఆకు ఏ వైపు ఉంటే కొత్త రెమ్మ ఆ వైపుకే పోతుంది, కుడికి కావాలంటే కుడి ఆకుకి కాస్త పైన కత్తెర పెట్టాలి అంతే. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు లింగ్నాన్ పద్ధతి వాళ్ళు ఎక్కువగా ఈ పెంచడం, కోయడంతోనే చెట్టుకి వంపులు తెస్తారు. కొమ్మ లావెక్కాలంటే మాత్రం కోయకుండా పొడుగ్గా పోనివ్వండి.

బలమంతా పైకే పోతుంది, అందుకే పైన ఎక్కువ, కింద తక్కువ కోయాలి.

వంచాలనుకుంటే కొమ్మ లావులో మూడో వంతు ఉండే అల్యూమినియం వైర్‌ని 45 డిగ్రీల ఏటవాలుగా చుట్టండి. పెరిగే సీజన్లో వారం వారం చూసుకోవాలి. నేను నెలన్నర ఊళ్ళో ఉండి వచ్చేసరికి వైర్ బెరడులోకి దిగిపోయింది, స్ప్రింగ్ లాంటి ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. తీసేటప్పుడు విప్పకుండా ముక్కలుగా కట్ చేస్తే రెమ్మ విరగదు.

ఆకు సైజ్ సంగతి. రెమ్మల సంఖ్య పెరిగేకొద్దీ ఆకులు వాటంతటవే చిన్నవవుతాయి. దానికి తోడు ఎండ బాగా తగలాలి, నైట్రోజన్ ఎరువు తగ్గించాలి. నీళ్ళు ఆపేసి ఎండబెడితే ఆకు చిన్నదవుతుందని నమ్మకండి, చెట్టే పోతుంది. మిద్దె మీద ఏప్రిల్, మే ఎండకి మాత్రం మధ్యాహ్నం గ్రీన్ నెట్ ఉండాల్సిందే.

పెద్ద పెద్ద ఆకులు వెలుగుకి అడ్డొస్తుంటే అవి మాత్రం తీయండి, తొడిమ ఉంచి ఆకు వరకే కత్తిరిస్తే మొగ్గకి దెబ్బ తగలదు. అన్ని ఆకులూ తీసేయడం నాకైతే ఇష్టం లేదు, చేసినా ఏటేటా వద్దు, నీరసంగా ఉన్న చెట్టుకి అసలు వద్దు. ఆకులు తీశాక చెట్టు నీళ్ళు తక్కువ తాగుతుంది, పై మట్టి ఆరిందో లేదో వేలు పెట్టి చూసి అప్పుడే పోయండి.