పత్తి ధర పడింది: లోపం కుప్పలో ఉందా, సరిహద్దు అవతల ఉందా?

లక్షణం: వరంగల్ ఎనుమాముల యార్డులో జెండా పాట (ఆ రోజు వేలంలో పలికిన పై ధర) బాగానే ఉంది, మీ పత్తికే కోత పడింది.
కారణం తేమ. మంచు ఆరకముందే తీసినా, బోరాలో నీళ్లు చల్లి తొక్కినా తేమ మీటరు పట్టేస్తుంది. పొద్దెక్కాక తీయండి, ఒక రోజు ఆరబెట్టండి.

లక్షణం: జెండా పాటే మద్దతు ధరకు కింద ఉంది.
ఇక కుప్పలో తప్పు వెతకడం దండగ. 2021లో పత్తి దిగుమతిపై పెట్టిన 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19న ఎత్తేసి, ఆ ఏడాది చివరిదాకా మాఫీ చేసింది. అదే నెల 27 నుంచి అమెరికా బట్టలతో సహా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. బట్టల ఆర్డర్లు తగ్గితే నూలు మిల్లు, దాని వెనక గింజ తీసే జిన్నింగ్ మిల్లు చేయి వెనక్కి తీస్తాయి. పైగా సబ్సిడీ ఉన్న అమెరికా రైతు ధర పడినంతగా సాగు తగ్గించడు, ఆ సరుకు ప్రపంచ ధరను తొక్కుతుంది. ఈ సబ్సిడీల మీద 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసిన బ్రెజిల్ గెలిచినా, 2014లో 30 కోట్ల డాలర్లకు రాజీపడింది. మాలీ, బెనిన్, చాద్, బుర్కినా ఫాసో ఆ సబ్సిడీలు తీసేయమని 2003 నుంచి అడుగుతూనే ఉన్నాయి. వాటికి బ్రెజిల్ అంత బలం లేదు.

మీ చేతిలో ఉన్నది సీసీఐ, అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదులో మీ సర్వే నంబరుకు పత్తి అని ఉందో లేదో ముందే చూసుకోండి. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరికాకే బండి కట్టండి. 2025-26లో పొడుగు పింజకు క్వింటాకు రూ. 8,110, అదీ 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోత, 12 దాటితే కొనరు. 12 దగ్గర వచ్చేది దాదాపు రూ. 7,786. దాన్ని 8కి ఎండబెడితే క్వింటాకు నాలుగు కిలోల పైచిలుకు తూకం పోతుంది, అదనంగా మిగిలేదేమీ ఉండదు. 12 దాటకపోతే చాలు. మీటరుకూ మీటరుకూ తేడా వస్తుంది కాబట్టి 10-11 దగ్గర ఆపండి. ప్రైవేటు ధరను ఇదే తేమ లెక్కతో పోల్చండి.

లక్షణం: వడ్ల ధర ఉన్నట్టుండి జారింది.
ఈసారి అడ్డుగోడ మనదే కావచ్చు. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. 2024లో రెండూ తీసేశారు. తేమ 17 శాతం లోపు ఉంటే కొనుగోలు కేంద్రానికి తోలండి.

లక్షణం: మిర్చికి ఎగుమతి వ్యాపారి వెనకాడుతున్నాడు.
ఐరోపాలో అఫ్లటాక్సిన్ (బూజు వదిలే విషం) కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు ఆగిపోతుంది. ఇది సుంకం కాదు, కానీ ఆపడంలో సుంకం కంటే గట్టిది. నేల మీద ఆరబోయడం, కాయ విరగకుండా నీళ్లు చల్లి బస్తా కట్టడం వల్ల బూజు పడుతుంది. టార్పాలిన్ మీద ఆరబెట్టి, రాత్రి మంచుకు కప్పి, తేమ 10-11కి దించండి. తాలు కాయ (రంగు పోయిన కాయ) వేరుగా ఏరండి, అది కలిస్తే బస్తా మొత్తానికీ ధర తగ్గిస్తారు.